తెలిసిన పాటకు వేలు, తెలియని పాటకు చెవి

షాబాద్ బస్టాండు దగ్గర నాకో చిన్న దుకాణం ఉంది. సెల్లు రిపేరు, రీచార్జి, టెంపర్డ్ గ్లాసు, చార్జర్లు, ఇయర్‌ఫోన్లు. పదిహేనేళ్లకు పైగా పగిలిన తెరలు చూసీ చూసీ, సెల్లు చేతికి రాగానే దానికేం జరిగిందో చెప్పేస్తాను. బండి మీంచి జారిపడితే మూల చెదురుతుంది. వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే నడుము వంగుతుంది. ఈ నడుమ ఇంకో రకం వస్తున్నది. తెర ఎక్కడా పగలదు. కింది సగంలో, పక్కపక్కనే నాలుగు చోట్ల, గ్లాసు మాత్రం అరిగి మసకబారి ఉంటుంది. తెచ్చేది బడి పిల్లలు, లేకుంటే ఇంటరు పిల్లలు.

"ఏం ఆడినవ్ రా?" అంటే, "టైల్స్ అన్నా" అంటారు తల గోక్కుంటూ.

మా అక్క బిడ్డ చేవెళ్లలో ఇంటరు చదువుతుంది. సాయంత్రం బస్సు దిగి, వాళ్ల నాన్న బండి మీద వచ్చేదాకా నా దుకాణంలోనే కూర్చుంటుంది. కూర్చుని ఆడేది ఆ ఆటే. తెర మీద నాలుగు దారులు. పైనుంచి నల్ల పలకలు జారుతుంటాయి. పలక కిందికి వచ్చేసరికి దాని మీద వేలు పడాలి. పడితే పాటలో ఒక స్వరం మోగుతుంది, తప్పితే ఆట అయిపోతుంది. పోను పోను పలకల వేగం పెరుగుతుంది.

ఒకరోజు ఎవరో పియానో మీద వాయించి పెట్టిన 'నాటు నాటు' ఆడింది. ఆ పాట దానికి నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అయినా సగం దాటకముందే ఓడిపోయింది. మళ్లీ ఆడింది, మళ్లీ అక్కడే పోయింది. విసుక్కుని, పేరు కూడా చదవకుండా కిందున్న ఇంకేదో పరాయి దేశపు పాట నొక్కింది. అది ఎన్నడూ విన్నది కాదు. కళ్లు ఆర్పకుండా చివరిదాకా లాగేసింది.

"గదేంది, వచ్చిన పాటల ఓడిపోయి రాని పాటల గెలిచినవ్?" అన్నాను.

"తెలిసిన పాటైతే నా వేలు పాట కంటే ముందు పోతది మామా. తెల్వని పాటైతే ఇనుకుంట కొడ్తా."

అది ఆ మాట అనేసి బండెక్కి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి దుకాణం కట్టేదాకా అదే తిరిగింది మనసులో. ఎందుకంటే ఏ పాట పెట్టాలి, ఏది పెట్టొద్దు అన్న లెక్క నేనూ ఒకప్పుడు రోజూ చేసినవాడినే.

రెండు జీబీల లెక్క

ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు గానీ, నా దుకాణం నిలబడ్డది పాటలు ఎక్కించడం మీదనే. అప్పుడు డేటా ఖరీదు, సెల్లులో చిప్పు చిన్నది. రెండు జీబీల మెమొరీ కార్డు తెచ్చి ఇచ్చి, "పాటలు ఎక్కియ్యి" అనేవారు. ఒక్కో పాట ఐదు ఎంబీ అనుకుంటే దాదాపు నాలుగు వందల పాటలు పడతాయి. ఆ పాటల హక్కులు ఎవరివో, నేను తీసుకునే ఇరవై రూపాయల్లో వాళ్లకు పోయేది ఎంతో అడిగినవాడు లేడు. పోయేది సున్నా. అది దొంగసరుకే. తెలిసీ చేశాను, అందరం చేశాం.

కంప్యూటర్‌లో నా ఫోల్డర్లు ఇలా ఉండేవి. కొత్త హిట్లు. పాత ఘంటసాల. డీజే. అయ్యప్ప. బతుకమ్మ. జానపదం. చివరన ఒకటి – 'ఇంకేమన్నా'. ఆ పేరు నేను పెట్టింది కాదు, గిరాకీలే పెట్టారు. హిట్లన్నీ ఎక్కించాక చిప్పులో జాగా మిగిలితే, "జాగ ఉంటే ఇంకేమన్నా ఎక్కియ్యి" అనేవారు. ఆ మిగిలిన జాగాలో ఏం పెట్టాలన్నది నా ఇష్టం. ఒగ్గుకథ ముక్కలు, యక్షగానం, రేడియోలో ఎప్పుడో వచ్చిన లలితగీతాలు, ఆడక మూలపడ్డ సినిమాల్లోని మంచి పాటలు – నాకు నచ్చినవన్నీ అందులో దూర్చేవాణ్ని.

మొయినాబాద్ దిక్కు చామంతి తోట ఉన్న ఒక రైతు, పూల మూటలతో తెల్లారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయేవాడు. ఒకనాడు వచ్చి చిప్పు బల్ల మీద పెట్టి, "ఇండ్ల ఒగ్గుకథ ఒకటి ఏసినవ్ గద, దాని తర్వాత ముక్క ఉందా?" అన్నాడు. మిగతా మూడు వందల తొంభై పాటల ఊసు లేదు. "సిన్మా పాటలు టీకొట్టుకాడ గూడ ఇనబడ్తయి. గిది యాడ దొరుకుతది?" అన్నాడు.

హిట్టు పాట గిరాకీని దుకాణం దాకా తెస్తుంది. మళ్లీ రప్పించేది ఒక్కోసారి 'ఇంకేమన్నా' ఫోల్డరే. నేను షాబాద్‌లో ఇరవై రూపాయలకు తెలుసుకున్న ఈ సంగతినే, వీడియో గేముల వాళ్లు కోట్లు పెట్టి తెలుసుకున్నారని తర్వాత చదివి తెలిసింది.

సీతాకోకచిలుక ఎగిరిన తీరు

పాటకు తగ్గట్టు మీటలు నొక్కే ఈ ఆటలను రిథమ్ గేములంటారు. తాళం తప్పకుండా కొట్టడమే ఆట కనుక మనం తాళాటలు అనుకోవచ్చు. వీటి పుట్టిల్లు జపాన్. 1996లో సోనీ ప్లేస్టేషన్ మీద ర్యాప్ పాడే కుక్కపిల్ల ఆట 'పరప్పా ద ర్యాపర్' వచ్చింది. 1997లో కొనామి కంపెనీ 'బీట్‌మేనియా', మరుసటేడు 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్' తెచ్చింది. రెండోది కాళ్లతో ఆడేది. కింద నాలుగు దిక్కులకూ నాలుగు బాణం గుర్తుల పలకలుంటాయి, తెర మీద ఏ బాణం వస్తే ఆ పలక మీద తాళానికి అడుగు వేయాలి.

అందులో పెట్టిన పాటలన్నీ జనం నోళ్లలో నానినవేమీ కావు. చాలావరకు జపాన్‌లో సీడీలుగా అమ్ముడయ్యే యూరప్ డాన్సు పాటల సంకలనాల్లోంచి తీసుకున్నారు. స్వీడన్‌కు చెందిన 'స్మైల్ డాట్ డీకే' అనే ఇద్దరమ్మాయిల జట్టు పాడిన 'బటర్‌ఫ్లై' అలా చేరింది. ఈ ఆట ఆడిన తరానికి ఇవాళ్టికీ ఆ పాట వినబడితే కాళ్లు కదులుతాయి. వాళ్లకు అది స్వీడన్ పాట కాదు, ఆట పాట. కొన్న పాటలు చాలనప్పుడు కంపెనీ సొంతంగా కట్టించుకుంది. కొనామి సంగీతకారుడు నవోకీ మయేదా ఒక్కడే ఎన్నో మారుపేర్లతో పాటలు కట్టాడు. జాబితా చూసినవాడికి ఇంతమంది కళాకారులా అనిపించాలి గదా! మా ఊరి నాటకంలో ఒక్కడే పొద్దున దూత వేషం, రాత్రి రాజు వేషం వేసినట్టు.

అమెరికాలో ఈ ఆటలకు ఊపు తెచ్చింది 2005 నవంబర్‌లో వచ్చిన 'గిటార్ హీరో'. ప్లాస్టిక్ గిటార్ మెడలో వేసుకుని, దాని మీది ఐదు రంగుల మీటలు నొక్కాలి. అందులో ముప్పై పేరున్న రాక్ పాటలు. అవి కాక ఇంకో పదిహేడు పాటలు – ఆట ఆడి సంపాదించిన ఉత్తుత్తి డబ్బుతో తెరుచుకోవాల్సినవి. వాటిలో చాలా మటుకు ఆట తయారుచేసిన హార్మోనిక్స్ కంపెనీ ఉద్యోగుల జట్లవీ, వాళ్ల బోస్టన్ ప్రాంతంలోని చిన్నాచితకా జట్లవీ. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. వాళ్ల 'ఇంకేమన్నా' ఫోల్డర్ అన్నమాట!

2007లో వచ్చిన 'గిటార్ హీరో 3'లో ఇంకో విచిత్రం జరిగింది. 'డ్రాగన్‌ఫోర్స్' అనే లండన్ జట్టు పాట 'త్రూ ద ఫైర్ అండ్ ఫ్లేమ్స్'ను చివరన, బోనస్‌గా పెట్టారు. ఏడు నిమిషాలకు పైగా సాగే ఆ పాటలో వేళ్లు కనబడనంత వేగం. కష్టమైన లెవెల్లో దాన్ని పూర్తి చేయడం ఆటగాళ్లకు పంతమైంది. అంతకుముందు ఆ రకం సంగీతం ఇష్టపడే కొద్దిమందికే తెలిసిన జట్టు, ఆ పంతం వల్ల ఊరూరా తెలిసిపోయింది. రేడియో అయితే ఆ పాటను ఇంత పొడవా అని పక్కన పెట్టేది. ఆటలో ఆ పొడవే, ఆ కష్టమే గుణమైంది.

తాళాటల్లో తెలియని పాటకు దొరికే న్యాయం ఇదే. రేడియోలో నచ్చని పాటను మొదటి పది సెకన్లకే తిప్పేస్తాం. ఆటలో ఓడిపోయిన పాటను మళ్లీ మళ్లీ వింటాం. ఇరవైసార్లు విన్నాక అది మన పాటే అయిపోతుంది.

పాటకు రెండు తాళాలు

అయితే ఆటల వాళ్లు తెలియని పాటలు పెట్టేది అచ్చంగా కళాపోషణ కోసమని నేననను. నేను దుకాణదారుణ్ని. ముందు డబ్బు లెక్క చూస్తాను.

ఒక సినిమా పాటను ఆటలో పెట్టాలంటే రెండు తాళాలు తీయాలి. ఒకటి రాసినవారి, స్వరం కట్టినవారి హక్కు. రెండోది ఆ రికార్డింగ్ హక్కు – అంటే ఆ గొంతు, ఆ వాద్యాలతో సహా మనం విన్న ఆ శబ్దం. మన దగ్గర సినిమా పాటల హక్కులు ఎక్కువగా ఆడియో కంపెనీల చేతుల్లో ఉంటాయి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, గేయకర్తకూ సంగీతకర్తకూ రావలసిన రాయల్టీ వాటాను ముందే రాయించేసుకోవడం కుదరదు. మంచి పని. కానీ ఆట చేసేవాడు బేరమాడాల్సిన గడపలు మాత్రం తగ్గలేదు.

మొదటి గిటార్ హీరోకు డబ్బు తక్కువ. అందుకని చాలా పాటలకు రెండో తాళం జోలికే పోకుండా, స్వరం హక్కు మాత్రం తీసుకుని, వేరే వాద్యకారులతో అచ్చు అలాగే వాయించి రికార్డు చేయించారు. ప్లే స్టోర్‌లో మనకు కనబడే పియానో పలకల ఆటల్లో హీరోల పాటలు అసలు గొంతుతో కాకుండా ఎవరో కీబోర్డు మీద కొట్టినట్టు ఎందుకుంటాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. వాటిలో ఎన్ని మొదటి తాళమైనా తీశాయో, పాటలు ఎక్కించి బతికిన నేను అడగడం బాగుండదు.

ఇంకో దారి, అసలు తాళమే లేని పాటలు పెట్టడం. 2014లో చైనా నుంచి వచ్చి లోకమంతా పాకిన 'పియానో టైల్స్', దాని తర్వాతి భాగం ఎక్కువగా ఆధారపడింది వందల ఏళ్ల నాటి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, పిల్లల పాటల మీదనే. బీథోవెన్ వచ్చి రాయల్టీ అడగడు. షాబాద్ పిల్లలు బీథోవెన్ స్వరాలకు వేళ్లు ఆడిస్తున్నారంటే దాని వెనక సంగీతాభిరుచి ఎంతుందో, కాపీరైట్ గడువు అంతకంటే ఎక్కువ ఉంది.

హిట్టు పాటకు ఇంకో చిక్కు. దాన్ని కొనడం కాదు, కిరాయికి తెచ్చుకోవడం. ఒప్పందం గడువు తీరితే ఆ పాట జాబితాలోంచి పోతుంది, ఒక్కోసారి ఆటే అమ్మకంలోంచి పోతుంది. సొంతంగా కట్టించుకున్న పాట అయితే సొంత ఇల్లు లాంటిది. 2018లో ప్రేగ్ నుంచి వచ్చిన 'బీట్ సేబర్' ఈ లెక్క తెలిసిన ఆట. కళ్లకు వీఆర్ పెట్టె కట్టుకుని, మీదికొచ్చే దిమ్మెలను తాళానికి కాంతి కత్తులతో నరకాలి. ఆట మొదలైనప్పుడు అందులో ఒక్క పేరున్న పాట లేదు. తయారీదారుల్లో ఒకడైన యారోస్లావ్ బెక్, మరికొందరు కట్టిన సొంత పాటలే. ఏడాది తిరక్కుండానే పది లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. పేరొచ్చాకనే లింకిన్ పార్క్, బీటీఎస్ లాంటి పెద్ద జట్ల పాటలు విడిగా డబ్బుకు అమ్మడం మొదలుపెట్టారు. ముందు ఆట నిలబడింది, తర్వాత హిట్లు వచ్చాయి.

పాట కూడా తక్కువ తినలేదు. రాక్ జట్టు ఏరోస్మిత్‌కు తమ ఏ ఆల్బమ్ కంటే ఎక్కువ సొమ్ము తమ పేరుతో వచ్చిన గిటార్ హీరో ఆట మీదనే వచ్చిందని, ఆ ఆట అమ్మిన యాక్టివిజన్ కంపెనీ అధిపతి 2008లో చెప్పాడు. మూడేళ్లకే, 2011లో, అదే కంపెనీ గిటార్ హీరో వ్యాపారాన్ని మూసేసింది. ఏడాదికి ఇన్నేసి ఆటలు, ఇంటినిండా ప్లాస్టిక్ గిటార్లు, ఖరీదైన పాటలు – జనానికి మొహం మొత్తింది. బతుకమ్మకు ముందు వారం బతుకమ్మ పాటలు తప్ప వేరేవి ఎక్కించకపోతే, పండుగ మరునాడు నా దుకాణం ముందు ఈగలు తోలుకోవడమే.

డప్పు గీతలో నిలవదు

ఇక మా సంగతికొస్తాను. మా మండలంలోనే చందన్‌వెల్లి ఉంది. పొలాలు పోయి పరిశ్రమలు వచ్చాయి, అమెజాన్ లాంటి కంపెనీల డేటా సెంటర్లు వచ్చాయి. 2022 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్ వ్యాపారానికి హైదరాబాద్ రీజియన్ తెరిచింది. మబ్బు అంటే ఆకాశంలో ఉంటుందనుకునేవాళ్లం, ఇప్పుడు మా పక్క ఊళ్లో ప్రహరీ గోడ వెనక ఉంటున్నది. లోకంలోని పాటలన్నీ అలాంటి గోడల వెనకే దాచి ఉంటాయి. ఆ గోడలకు ఇవతల బోనాలకు మోగే డప్పు మాత్రం మా అక్క బిడ్డ సెల్లులోని ఏ ఆటలోనూ లేదు.

లేకుంటే మనమే పెట్టుకుందామనిపించింది. 'ఓసు' అని ఒక ఆట ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన డీన్ హెర్బర్ట్ 2007లో మొదలుపెట్టాడు. కంప్యూటర్ మీద ఉచితం. దాని గొప్పతనం ఏమిటంటే పాటలు కంపెనీ పెట్టదు, ఆడేవాళ్లే పెట్టుకుంటారు. ఒక పాట తీసుకుని, ఏ క్షణంలో ఏ దెబ్బ పడాలో గుర్తులు పెడితే అది ఒక 'బీట్‌మ్యాప్'. జపాన్‌లో 2001 నుంచి 'తైకో నో తత్సుజిన్' అనే డోలు ఆట ఉంది. ఎర్ర చుక్క వస్తే డోలు నడుమ కొట్టాలి, అది 'దొన్'. నీలి చుక్క వస్తే అంచు మీద కొట్టాలి, అది 'కా'. ఓసులోనూ ఆ తరహా ఆట ఉంది.

ఎరుపు, నీలం చూడగానే నాకు మా డప్పే గుర్తొచ్చింది. డప్పుకూ రెండు పుల్లలు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. ఎడమచేతి వేళ్ల మధ్య సన్నగా ఉండేది చిటికెన పుల్ల. సిర్ర గుండెలో మోగుతుంది, చిటికెన పుల్ల చెవిలో గీరుతుంది. సిర్రకు ఎరుపు, చిటికెన పుల్లకు నీలం. లెక్క సరిపోయింది.

పోయిన బోనాల్లో మా వాడకట్టు డప్పుల జట్టును సెల్లులో రికార్డు చేశాను. తుక్కు మంట పెట్టి, డప్పులు కాచి, చర్మం బిగిసి ఖంగుమన్నాక మొదలుపెట్టారు. తీన్మార్. మూడు నిమిషాల పది సెకన్లు. ఒకప్పుడు పాటలు ఎక్కించిన పాత కంప్యూటర్ దుమ్ము దులిపి, ఓసు తెరిచి కూర్చున్నాను. గంటలో అయిపోతుందనుకున్నాను. తొమ్మిది రాత్రులు పట్టింది.

చిక్కు ఎక్కడంటే, ఆట ముందుగా పాట వేగం అడుగుతుంది – నిమిషానికి ఎన్ని దెబ్బలని. చెప్పగానే పాట పొడవునా సమాన దూరాల్లో గీతలు గీస్తుంది. ఆ గీతల మీదనే చుక్కలు పెట్టాలి. సరిచూసుకుందామని ముందు ఒక సినిమా డీజే పాట పెట్టాను. మొదట్లో వేగం గుర్తుగా పెట్టిన ఒక్క ఎర్ర గీతే చివరిదాకా సరిపోయింది. స్టూడియోలో వాద్యకారుల చెవుల్లో టిక్ టిక్ అని గడియారం లాంటి క్లిక్కు మోగుతూ ఉంటుంది. అందరూ దాని మీదే వాయిస్తారు. కంప్యూటర్‌లో కట్టిన తాళమైతే వెంట్రుకవాసి కూడా తప్పదు.

మా డప్పు మొదట్లో నిమిషానికి 118 దెబ్బల మీద ఉంది. ఒక నిమిషం అయ్యేసరికి 124. చివరికి 141. నడుమ ఒకచోట ఎవరో ముసలమ్మకు పూనకం వచ్చింది. అక్కడ తాళం ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, ఆమె అడుగు పడగానే దాన్ని పట్టుకుని మళ్లీ ఎత్తుకుంది. ఆటలో దెబ్బకు ఇచ్చే వెసులుబాటు మామూలు లెవెల్లో సెకనులో దాదాపు ముప్పయ్యో వంతు. అంతకు మించి తప్పితే మంచి మార్కు పడదు. మొదటి గీత ప్రకారం పోతే అర నిమిషానికే నా చుక్కలు ఒక దిక్కు, డప్పు ఒక దిక్కు. వేగం మారిన ప్రతిచోటా కొత్త ఎర్ర గీత పెట్టుకుంటూ పోయాను. చివరికి లెక్కిస్తే నలభై మూడు గీతలు.

అప్పుడు తెలిసింది, కొన్ని పాటలు ఆటల్లోకి ఎందుకు రావో. ఎవరూ వద్దనలేదు, వాటి మీద ఎవరికీ కోపం లేదు. గీతలో నిలిచే పాట సులువుగా లోపలికొస్తుంది, నిలవనిది బయట ఉంటుంది. స్టూడియో పాట గడియారం చూసి నడుస్తుంది. మా డప్పు ఆడేవాడి కాలు చూసి నడుస్తుంది.

అలాగని హిట్టు పాటకూ ఊరికీ సంబంధం లేదని కాదు. 'నాటు నాటు' 2022 మార్చిలో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'లోది. కీరవాణి స్వరం, చంద్రబోస్ మాట. 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చుకుంది. ఆ పాట నడక సిక్స్ ఎయిట్ – మన జానపదాల్లో కాలు దానంతట అదే ఎగిరే నడక. కర్ణాటక సంగీతం వాళ్లు తిశ్రం అంటారు. చంద్రబోస్ పుట్టింది చల్లగరిగె అనే పల్లెలో. అంటే ఆస్కార్ మెట్లెక్కిన ఆ హిట్టు లోపల దాక్కున్నది ఊరి దెబ్బే. కాకపోతే దాన్ని గీత మీద నిలబెట్టారు.

ఎవరూ తీయని తలుపు

తెలుగులో ఒక తాళాట చేయాలని ఏ కుర్రాడికైనా ఉంటే, పెద్ద హిట్ల కోసం ఆడియో కంపెనీల చుట్టూ తిరిగే ముందు మన చట్టం తెరిచి ఉంచిన తలుపు చూడమంటాను. మన దేశంలో రాసినవారి, స్వరం కట్టినవారి హక్కు వాళ్లు బతికినంత కాలం, ఆపైన 60 ఏళ్లు. రికార్డింగ్ హక్కు విడుదలైన మరుసటేడు నుంచి 60 ఏళ్లు. త్యాగరాజు 1847లో పోయారు. శిష్యుల గొంతుల్లోంచి వచ్చిన ఆయన కీర్తనలకు ఎవరి తాళమూ లేదు. ఎవరితోనైనా కొత్తగా వాయించుకుని రికార్డు చేసుకోవచ్చు. పంచరత్న కీర్తనలోని చిట్టస్వరాలు తైకో చుక్కలుగా పెడితే డ్రాగన్‌ఫోర్స్ ఆడిన వేళ్లు కూడా తడబడతాయి.

అన్నమయ్య దగ్గర మాత్రం జాగ్రత్త. ఆయన 1503లో పోయినా, అసలు వరుసలు చాలావరకు మిగల్లేదు. మనం వినేవాటిలో ఎన్నో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటివారు మొన్నటి కాలంలో కట్టినవి. మాట అందరిదే, వరుస అందరిదీ కాదు. జానపదం కూడా అంతే. తరతరాల బతుకమ్మ పాటకు కర్త లేడు, అడ్డు లేదు. కానీ యూట్యూబ్‌లో నిన్న వచ్చిన 'జానపదం' వెనక రాసినవాడుంటాడు, పాడిన ఆడబిడ్డ ఉంటుంది, చానలుంటుంది. పల్లెపాట కదా అని ఊరికే తీసుకుంటే, ఇరవై రూపాయలకు నేను చేసిన పనే అవుతుంది.

మరి హిట్లు వద్దా? వద్దని నేనెట్లా అంటాను? 'కొత్త హిట్లు' ఫోల్డర్ లేకుంటే నా దుకాణం మెట్టు ఎవరూ ఎక్కేవారు కాదు. తెలిసిన పాట కొత్తవాడికి భయం తీస్తుంది. ఎక్కడ చరణం వస్తుందో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవచ్చో ముందే తెలుస్తుంది. ఓడిపోయినా పాట విన్న సంతోషం మిగులుతుంది. అయితే మా అక్క బిడ్డ చెప్పినట్టు ఆ తెలిసినతనమే పట్టేస్తుంది కూడా. వేలు గొంతు వెంట పోతుంది, పలకలేమో ఒక్కోచోట గొంతును వదిలి డ్రమ్ము వెంటో, వయొలిన్ వెంటో పోతాయి. తెలిసిన పాటను మనం వినం, గుర్తు చేసుకుంటాం. తెలియని పాట దగ్గర గుర్తు చేసుకోవడానికి ఏమీ ఉండదు, చెవి పెట్టాల్సిందే. చిప్పులో హిట్లు ఎక్కించినా, చివరన కాస్త జాగా మిగల్చమనేది అందుకే.

నిన్నటి దెబ్బ

తొమ్మిదో రాత్రికి నా డప్పు ఆట తయారైంది. మరునాడు ఆ రికార్డింగ్‌లో ముందుండి కొట్టిన పెద్దాయనను దుకాణానికి పిలిచాను. అరవై దాటిన మనిషి. మా దిక్కు డప్పును పలక అని కూడా అంటారు. "తాతా, నీ పలకను ఈ పిల్లల పలకల ఆటల పెట్టిన, చూడు" అన్నాను. కుర్చీ వేసి, కీబోర్డు మీద నాలుగు మీటలు చూపించాను. నడుమ రెండు సిర్ర, పక్కల రెండు చిటికెన పుల్ల.

ఆయన మొదట నవ్వాడు. పాట మొదలుకాగానే నవ్వు ఆపి మీటల మీదికి వంగాడు. పది సెకన్లు బాగానే నడిచింది. ఆ తర్వాత తెర మీద తప్పు గుర్తులు ఒకటే వరస. చుక్క ఒకటుంటే ఆయన రెండు కొడుతున్నాడు. చుక్క లేనిచోట గిరక వేస్తున్నాడు. చెవులు మూసుకుని చూస్తే ఓడిపోతున్నాడు. కళ్లు మూసుకుని వింటే, ఆ ప్లాస్టిక్ మీటల టకటకలో కూడా బోనాల కంటే బాగా కొడుతున్నాడు. పాట అయ్యేసరికి వందకు యాభై రెండు.

"నేను కొట్టిందే గదరా ఇది, తప్పంటదేంది?" అన్నాడు.

"నువ్వు ఆనాడు కొట్టినట్టే కొట్టాలె తాతా."

"ఆనాడు కొట్టింది ఆనాటికి. ఇయ్యాల గట్ల ఎట్ల కొడ్త?"

పక్కన బల్ల మీద కూర్చున్న మా అక్క బిడ్డ అప్పటికే తన వంతు కోసం కాచుకుని ఉంది. అది ఆ డప్పు దరువు ఎన్నడూ చెవిపెట్టి విన్నది కాదు. బోనాలంటే దానికి డీజేనే. రెండుసార్లు ఓడిపోయింది. మూడోసారి తెరకు దగ్గరగా జరిగి, ముసలమ్మ పూనకం దగ్గర తాళం ఆగినచోట తనూ ఊపిరి బిగబట్టి, మళ్లీ దరువు ఎత్తుకోగానే ఎత్తుకుంది. ఎనభై తొమ్మిది వచ్చింది. పెద్దాయన దాని నెత్తిన చెయ్యి పెట్టి, "ఇన్నవ్ బిడ్డా" అన్నాడు. కొట్టావు అనలేదు.

వాళ్ల నాన్న బండి హారన్ వినబడింది. సంచి భుజాన వేసుకుంటూ, "మామా, తాత ఇయ్యాల కొట్టింది గూడ రికార్డు చెయ్యి. అది వేరే లెవెల్ అయితది" అని వెళ్లిపోయింది.

పెద్దాయన ఇంటికి పోయి డప్పు తెచ్చాడు. దుకాణం వెనక రెండు అట్టపెట్టెలు చించి మంట పెట్టాం. సెల్లు కౌంటర్ మీద నిలబెట్టి రికార్డు నొక్కాను. ఇప్పుడు నా పాత కంప్యూటర్‌లో రెండు డప్పు ఫైళ్లున్నాయి. దాచే ఫోల్డర్ కోసం వెతుక్కోలేదు. 'ఇంకేమన్నా' ఇంకా అక్కడే ఉంది.